పసుపు పట్టిన ఎర

తెనాలి–రేపల్లె బస్సులో కండక్టరు జాన్ బాబుకి ముఖాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. టికెట్టు అందుకునే చేతులు. తడి మట్టి ఆరని చేతులు, సుద్దముక్క పొడి అంటినవి, కనకాంబరాల బుట్ట పట్టుకుని ఎర్రబడినవి. ఆ వారం మాత్రం అతను చేతుల వంక చూడలేదు. ఎక్కిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగాడు.

"పండుగొప్పకి ఏ ఎర వెయ్యాలండీ?"

పండుగొప్ప ఉప్పునీళ్లకీ మంచినీళ్లకీ మధ్య తిరిగే వెండి చేప. సముద్రం పొంగి పాయల్లోకి వచ్చినప్పుడు దాంతోపాటే వచ్చి, ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల వేళ్ల నీడలో కాచుకుని ఉంటుంది. చెరువుల్లో పెంచినవి బజార్లో ఎన్నయినా దొరుకుతాయి. జాన్ బాబుకి కొన్న చేప అక్కర్లేదు. తన చేత్తో పట్టిన చేప కావాలి, అదీ ఆదివారం లోపల.

ఆదివారం వాళ్ల లూథరన్ చర్చిలో కోత పండుగ. కోతలు అయ్యాక ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. ధాన్యం, మినుములు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. జాన్ బాబు తండ్రి సంగం జాగర్లమూడిలో ఊరందరి చేలూ కోశాడు, తనకంటూ సెంటు చేను లేకుండానే పోయాడు. జాన్ బాబుకున్న నేలంతా బస్సులో సీట్ల మధ్య సందు. అందుకని ప్రతి ఏడూ తెనాలి మార్కెట్టులో ఒక గుమ్మడికాయ కొని తెచ్చి పెట్టేవాడు. ఆ కాయ ఎక్కడిదో అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అనకపోవడమే అతనికి బరువుగా ఉండేది.

"ఈసారి కొన్నది పెట్టను," అన్నాడు భార్య సారాతో. "నేను పట్టింది పెడతా."

బాపట్ల డిపోలో పనిచేసిన రోజుల్లో సూర్యలంక ఒడ్డున గాలం వెయ్యడం నేర్చుకున్నాడు. చిన్నాచితకా చేపలు చాలానే పడ్డాయి. పండుగొప్ప మాత్రం ఎప్పుడూ కలలోంచి కలలోకే ఈదిపోయేది.

బస్సులో సలహాలకి లోటు లేదు. వేమూరు రైతు పున్నయ్య వానపాముల పక్షం.

"మా పసుపు చేలో తవ్వి ఇస్తాను, ఒక్కోటి జానెడుంటది. చేప వాటిని చూసి ఒడ్డుకి నడిచొస్తది అల్లుడూ!"

"నీ వానపాములు ఉప్పునీళ్లలో పడితే చచ్చూరుకుంటాయి బాబాయ్," అంది పూలమ్మే దుర్గాంబ వెనక సీట్లోంచి. "కోడి పేగులు కట్టు తమ్ముడూ. కంపుకొట్టాలి ఎర అంటే."

"కంపుకొడితే నక్కలొస్తాయి అమ్మాయ్, చేపలు కాదు," అన్నాడు పున్నయ్య.

"నువ్వు పట్టావా ఎప్పుడైనా?"

"నువ్వు పట్టావా?"

బస్సంతా నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ముందు భట్టిప్రోలు టికెట్లు కొట్టు గురువా, చేపలు తర్వాత ఎక్కుతాయి," అన్నాడు. నిజాంపట్నం వెళ్లే ఒకాయన దిగబోతూ, "పెంకూ తలా ఉన్న తాజా రొయ్యండి, ఇంకేం వద్దు," అని మెట్టు మీంచే చెప్పి దిగిపోయాడు. ఆ మాట జాన్ బాబుకి నచ్చింది.

శుక్రవారం సాయంత్రం రేపల్లె బజార్లో ఏరి ఏరి రొయ్యలు తీసుకున్నాడు. మీసాలతో సహా మెరుస్తున్నవి. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాడు. శనివారం అతనికి సెలవు. తెలవారకముందే డబ్బా తీసుకుని బండెక్కాడు. నిజాంపట్నం దాటేసరికి ఆకాశం చీర అంచులా ఎర్రబడింది. మడచెట్ల మధ్య పాయ ఇంకా నిద్రలోనే ఊపిరి తీస్తోంది. పోటు అప్పుడే మొదలై, సముద్రం నీళ్లు పాయలోకి మెల్లగా ఎదురెక్కుతున్నాయి. ఆ నీళ్లు వెనక్కి మళ్లేలోగా పట్టాలి.

గాలం కర్ర సిద్ధం చేసుకుని డబ్బా మూత తీశాడు. లోపల రొయ్యలకి తలల్లేవు, పెంకుల్లేవు, మీసాల్లేవు. నున్నగా, ముద్దుగా, పచ్చగా ఉన్నాయి. వెంటనే ఫోను చేశాడు.

"సారా, రొయ్యల్ని ఏం చేశావు?"

"ఒలిచి, పేగు తీసి, పసుపూ ఉప్పూ వేసి కడిగానండి. ఏంటి?"

"ఎరకి తెచ్చాను కదే!"

"ఎరకైతే మాత్రం? ఒలవకుండా ఎవరైనా ఫ్రిజ్‌లో పెడతారా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఇక్కడ ఎవరున్నారు చూడ్డానికి?"

"చేపలున్నాయిగా."

అవతల నుంచి ఆమె నవ్వు వినబడింది. అంగన్‌వాడీలో పనిచేస్తూ పిల్లల మధ్య అలవాటైన నవ్వు, ఆపడం తెలియని నవ్వు. జాన్ బాబు కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ అది రాలేదు. "కారం కూడా పెట్టకపోయావా," అని ఫోను జేబులో వేసుకున్నాడు.

మళ్లీ నిజాంపట్నం వెళ్లి రొయ్యలు తెచ్చేలోపు పోటు అయిపోతుంది. తర్వాత మళ్లీ మార్కెట్టు, మళ్లీ గుమ్మడికాయ. డబ్బా మళ్లీ ముందుకి లాక్కున్నాడు. ఉన్నది ఇదే. చిన్న గాలానికి ఒక పచ్చటి ముక్క గుచ్చి నీళ్లలో వేశాడు. దాని నుంచి సన్నటి పసుపు రేఖ ఒకటి విడివడి, నీళ్లలో ముగ్గులా కదిలి కరిగిపోయింది.

పండుగొప్ప రాలేదు. వచ్చిందల్లా చిల్లర చేపలు. ముక్కని చుట్టుముట్టి కొరికి, లాగి, పారిపోయి, మళ్లీ వచ్చాయి. వాటికి పసుపు పట్టింపు లేదు. రెండు ముక్కలు ఊరికే పోయాయి. మూడోదానికి అరచేయంత వెండి చేప ఒకటి తగులుకుంది. ఒడ్డుకి లాగి, బక్కెట్లో వెయ్యబోతూ ఆగాడు. చేప అతని చేతిలో గుండెకాయలా కొట్టుకుంటోంది.

వానపాము కాదు, కోడి పేగు కాదు, రొయ్య కూడా కాదు. మడ వేళ్ల కింద కాచుకున్నది ఏం తింటుందో అది తన చేతిలోనే ఎగురుతోంది.

పెద్ద గాలాన్ని దాని వీపు రెక్క కింద జాగ్రత్తగా గుచ్చి, వేళ్ల నీడ దగ్గరికి వదిలాడు. చిన్న చేప దారాన్ని లాక్కుంటూ ఈదింది. ఒక కొంగ రెక్క విప్పి ముడుచుకుంది. తర్వాత నీళ్లు ఒక్కసారిగా పగిలాయి.

కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమంది. దారం వేలిని కోస్తుంటే జాన్ బాబు మోకాలి లోతు బురదలో దిగి, "రైట్, రైట్!" అని అరిచాడు, బస్సులో అరిచినట్టే. చేప గాల్లోకి లేచినప్పుడు పొద్దుటి ఎండంతా దాని ఒంటి మీదే ఉంది. అది మడ వేళ్లలోకి దూరాలని చూసింది. దారం తెగుతుందేమోనని ఇతను వదలలేక, లాగలేక ఊగిపోయాడు. చివరికి అది అలిసిందో, ఇతని మీద జాలిపడిందో, ఒడ్డుకి వచ్చింది. తువ్వాలు కప్పి రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఒళ్లంతా బురద. కళ్లలో నీళ్లు, అవీ ఉప్పువే.

ఆదివారం ఉదయం బల్ల ముందు ధాన్యం బస్తాల పక్కన, అరటి గెలల పక్కన, ఐసు ముక్కల మీద పండుగొప్ప పడుకుంది. ఆడవాళ్లంతా సారా చుట్టూ చేరారు.

"ఏ ఎరకి పడింది వదినా?"

"నేను పసుపు రాసి ఇచ్చాను. దాన్ని చిన్నది తింది, చిన్నదాన్ని ఇది తింది. అసలు పట్టింది నేనే," అంది సారా.

"మరి ఆయన?"

"ఆయన మోసుకొచ్చారు."

జాన్ బాబు మగవాళ్ల వరసలో ఇస్త్రీ చొక్కాతో నిలబడి, వేలికి చుట్టిన గుడ్డని సర్దుకుంటూ నవ్వుకున్నాడు. బల్ల వంక సూటిగా చూడగలిగిన మొదటి కోత పండుగ అతనికి.

సంఘపెద్ద ఆశీర్వాదం గారు ప్రార్థనకి లేచారు. చేలని దీవించమన్నారు, కాలవలని దీవించమన్నారు, పశువులని, నాగలి పట్టిన చేతుల్ని దీవించమన్నారు. ఆగి, ఒక కన్ను తెరిచి చేప వంక చూశారు.

"ఉప్పునీళ్లని కూడా దీవించు తండ్రీ. అక్కడా మావాడికి పంట ఉంది."

అందరికంటే ముందు, ప్రార్థన ఇంకా పూర్తికాకుండానే, జాన్ బాబు "ఆమెన్" అనేశాడు. గట్టిగా. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వరస వరసకీ పాకి ఆశీర్వాదం గారి దాకా వెళ్లింది.