కంపు లేని సాయంత్రం

చైనాలోని చాంగ్షా నగరం రాత్రి బజారులో తాన్ గుయిలాన్‌ది కంపు తోఫు బండి. నల్లటి రసంలో నానబెట్టిన సోయా జున్ను ముక్కలను నూనెలో వేయిస్తుంది. ఎంత కంపు కొడితే అంత రుచి. పదకొండేళ్ల కిందట ఏదో జ్వరమొచ్చి ఆమె ముక్కు పనిచేయడం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దారినపోయేవాళ్లు ముక్కు మూసుకున్నారంటే రసం కుదిరినట్టే లెక్క.

ఆ సాయంత్రం ఒక్కరూ మూసుకోలేదు. ఒకావిడైతే బండి పక్కనే నిలబడి తాపీగా ఫోన్ మాట్లాడింది. గుయిలాన్ పొయ్యి ఆర్పేసింది.

వెనక వరుసలో తీపి ఉండలు అమ్మే లువో వచ్చాడు. "ఏంటక్కా, అప్పుడే కట్టేస్తున్నావ్?"

"రసం చచ్చిందిరా. కంపు లేని సరుకు ఎవడికి అంటగట్టను?"

"లేకపోవడమేంటి? గాలి మావైపు తిరిగింది. ఇందాకట్నుంచీ నా బేరాలన్నీ ముక్కు మూసుకుని పారిపోతున్నాయి. నా పొట్ట కొడుతున్నావక్కా."

"నిజంగానా?"

"నాకే కడుపులో తిప్పేస్తోంది."

గుయిలాన్ పొయ్యి వెలిగించింది. మొదటి వాయి అతనికే పెట్టింది. లువో ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో తిన్నాడు. ఎలా ఉందని ఆమె అడగలేదు. ముక్కు మీది చెయ్యి వంకే చూస్తూ నిలబడింది.