పొద్దుటి పాలు, సాయంత్రం పాలు

ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ బడికి వెళ్ళే ముందు నర్సమ్మ నాకు రెండు ముక్కల్లో చెప్పింది. పొద్దున బయల్దేరేటప్పుడు పాలు పిండి మూతగిన్నెలో పెడితే, ఇంట్లోవాళ్ళు బాబుకి చెంచాతో పట్టాలి. మధ్యాహ్నం బళ్ళో ఒకసారి పిండాలి, లేకపోతే గడ్డకట్టి నొప్పెడతాయి, తర్వాత ఇంకిపోతాయి. వినడానికి ఎంత సుఖంగా ఉందో!

బళ్ళో చోటేదీ? టీచర్ల గదిలో మగవాళ్ళు. పాత మ్యాపులు పడేసే గదిలో, గడియ లేని తలుపుకి వీపు ఆనించి పిండుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే "మేడమ్ గారూ, సుద్దముక్కలు లోపలున్నాయండీ" అని ఎవరో తలుపు తట్టేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. దాచడానికి ఫ్రిజ్ లేక ఆ పాలు పారబోసేదాన్ని.

పొద్దుటివైనా బాబు తాగుతున్నాడుగా అని సరిపెట్టుకున్నాను. సాయంత్రానికి గిన్నె ఖాళీగానే ఉండేది మరి. వాడు మాత్రం గుక్కపట్టి ఏడుస్తుండేవాడు. బరువు పెరగడం ఆగిపోయింది.

ఇంటికి రాగానే వాణ్ణి ఎత్తుకోబోతే మా అత్తగారు గడప దగ్గరే ఆపేది. "ఎండనబడి వచ్చావు అమ్మాయ్. ముందొచ్చే వేడిపాలు గోడకి పిండేసి, అప్పుడు పట్టు." ఆవిడ ఏళ్ళ తరబడి మిరపకోతలకి వెళ్ళిన మనిషి. చేలోంచి వచ్చిన బాలింతలంతా అలాగే చేసేవారట.

ఒక శనివారం ముందుగా ఇల్లు చేరాను. అత్తగారు పెరట్లో నా మూతగిన్నె కరివేపాకు మొదట్లో వంపుతోంది.

"చల్లారిన పాలు పసోడికి పడవు. ఆవుపాలల్లో నీళ్ళు కలిపి పడతన్నాలే. నీయి ఎవరన్నా తొక్కితే నీకు పాలు ఇంకిపోతాయని చెట్టుకి పోస్తన్నా."

"పొద్దుటివి చల్లవి, సాయంత్రానివి వేడివి! మరి నా బిడ్డ తాగేది ఏ పూట పాలు అత్తయ్యా? ఇన్నాళ్ళూ నేను పిండింది మీ కరివేపాకు కోసమా?" అని అరిచేశాను.

నేనొకటంటే పదనే మనిషి, మెట్టు మీద కూలబడింది. "నీ మొగుడికంటే ముందో పిల్లోడు పుట్టాడు. కోతల్నించి పరిగెత్తుకొచ్చి, ఆకలికి ఏడుస్తన్నాడని పిండకుండానే పట్టా. విరేచనాలు పట్టుకుని పోయాడు. వేడిపాలు పోసి చంపుకుందన్నారు ఊళ్ళో."

నా కోపం ఆ అన్నవాళ్ళ మీదికి పోయింది. వాళ్ళు ఎదురుగా లేరే అని ఇప్పటికీ ఉడుకుతుంటాను.

"ఎండకి పాలు చెడవు అత్తయ్యా. మీ పాలల్లో ఏ దోషమూ లేదు."

"మరైతే నా బిడ్డెందుకు పోయాడమ్మాయ్?"

నేను లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, ఆ ఎండన పడి వచ్చిన పాలే గిన్నెలోకి పిండాను. అవి చల్లారేదాకా గిన్నెని మెట్టు మీద మా ఇద్దరి మధ్యా పెట్టాను. తర్వాత బాబుని ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, చెంచా చేతికిచ్చాను. ఆవిడ చెంచా వాడి పెదాల దాకా తెచ్చి ఆపేసింది, సగం పాలు గడ్డం మీదే ఒలికాయి. మిగతా సగం కోసం వాడు నోరు తెరిచాడు.