ఎర్ర అక్షరాల జోలికి పోని మనిషి

నాకు కోపం ఎక్కువ. వైరాలో మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. వెంకటప్పయ్య మంచివాడే కానీ నోరు మంచిది కాదంటారు. ఆ మాట నిజమని నేనే ముందు ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే ఇది నా గురించి కాదు, నా దగ్గర పదకొండేళ్లు పనిచేసిన బొజ్జయ్య గురించి. నా నోటి సంగతి చెప్పకుండా అతని సంగతి చెప్పడం కుదరదు.

పినపాక అవతల, అడవి మొదలయ్యేచోట మాకు పన్నెండెకరాల మామిడితోట ఉంది. మాకు అంటే నాకు. కాగితం మీద మాత్రం అది బొజ్జయ్యదే. అక్కడ గిరిజనులు కాని మావంటి వాళ్ల పేరున భూమి కుదరదు కనుక, కోయవాడైన బొజ్జయ్య పేరున నడిపిస్తున్నాను. ఆ కాగితం అతనెప్పుడూ చూడలేదు, చూపించమని అడగనూ లేదు. తన పేరున్న తోటకు తానే కాపలా ఉన్నాడు. తోట మూల గుడిసెలో అతనూ, భార్య పుల్లమ్మా ఉండేవాళ్లు. పిల్లలు లేరు.

సన్నటి మనిషి. వెదురు పని చేతికి బాగా వచ్చు. తట్టలు, చేటలు అల్లి సంతకు పంపేవాడు. కుడిచేతి వేళ్లు రెండు వంగేవి కావు. పడుచుతనంలో ఒక సాయంత్రం ఎవరో ముక్కూ మొహం తెలియని నలుగురు అడవిలోంచి గుడిసె ముందుకొచ్చి మంచినీళ్లు అడిగితే ఇచ్చాడట. మూడోనాడు పోలీసులు వచ్చి పట్టుకెళ్లి తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. వేళ్లు అక్కడ పోయాయి. ఆ తర్వాత ఖాకీ రంగు కనిపిస్తే చాలు, మనిషి తల దించేసేవాడు. బస్సు డ్రైవరును చూసినా అంతే. మేం అది చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ అప్పుడు నవ్వాం.

రెండేళ్ల కింద తోటలో బోరు మోటారు కాలిపోయింది. నాకు తెలిసింది నాలుగో రోజున. ఒళ్లు మండిపోయి, నా పాత స్మార్ట్‌ఫోను, నా పేరున్న సిమ్ముతో సహా బొజ్జయ్యకిచ్చాను. పొద్దున పదింటికొకటి, సాయంత్రం నాలుగింటికొకటి, మోటారు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలి. అది ఆర్డరు. వేలిముద్ర పెడదామంటే ఆ గాజు అతని వేళ్లను గుర్తుపట్టలేదు. పదివేళ్లూ ప్రయత్నించాం. గొడ్డలీ, వెదురూ కలిసి గీతలన్నీ అరగదీశాయి. ఇక నేను పుట్టిన సంవత్సరం, 1962, కోడుగా పెట్టాను. అంకెలు చదవడం అతనికి రాదు. అయినా ఒక్కసారి చూపిస్తే పట్టుకున్నాడు. "పై మూల, కింది మూల, దాని మీదిది, పైన నడుమది" అని పాటలా అనుకుంటూ నొక్కేవాడు. ఒక్కసారైనా తప్పు కొట్టలేదు.

తప్పంతా జేబుది. అతనిది పలుచటి చొక్కా, దాని ముందు జేబులో ఫోను. వంగి పాదులు తవ్వుతుంటే చెమటకు బట్ట తడిసి గాజుకు అంటుకునేది. దాంతో తెర దానంతటదే వెలిగి, అంకెలు వాటంతటవే పడేవి. ఐదుసార్లు తప్పు పడితే అరనిమిషం ఆగమంటుంది. ఇంకా పడితే ఐదు నిమిషాలు, పది నిమిషాలు, గంట. నేను ఇవతలి నుంచి చేస్తే ఎత్తగలడు కానీ అక్కడి నుంచి అతను చేయలేడు. నాలుగింటికి ఫోటో రాదు. నేను చేస్తాను. "లాకైందయ్యా" అంటాడు. వారంలో మూడుసార్లు ఇదే మాట. లాకైందయ్యా, లాకైందయ్యా! ఆ మాట చెవిన పడితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అక్కడితో ఆగినా బాగుండేది. లాకైన తెర మీద కూడా అడుగున ఎర్రగా రెండు మాటలుంటాయి. ఆపదలో పిలవడానికి పెట్టినవి. కోడు అక్కర్లేదు, నొక్కితే పోతుంది. జేబు వాటినీ నొక్కింది. ఒక్క నెలలో మూడుసార్లు ఎమర్జెన్సీ నంబరుకు కాల్ పోయింది. వాళ్లు తిరిగి చేసి "ఏమైంది? ఎక్కడున్నారు?" అంటే బొజ్జయ్య వణికిపోయి పెట్టేసేవాడు. సిమ్ము నా పేరు మీద ఉంది కదా, మూడోసారి నన్ను ఠాణాకు పిలిచారు. నా కొడుకు వయసున్న కానిస్టేబులు కుర్చీ అయినా చూపించకుండా నలభై నిమిషాలు నిలబెట్టి, "పెద్దమనిషివి, సర్కారు నంబరుతో ఆటలేంది?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అటునుంచి అటే తోటకు వెళ్లాను.

"ఒరేయ్ బొజ్జా, ఇలా రా!"

వచ్చాడు. పుల్లమ్మ గుడిసె ముందు చేట పట్టుకుని నిలబడిపోయింది. నేను అతని వంగని వేలు పట్టుకుని ఆ ఎర్ర అక్షరాల ముందు పెట్టాను.

"ఇవి కనపడుతున్నాయా? ఇంకొక్కసారి వీటి మీద నీ వేలు పడిందా, పోలీసులొస్తారు. ముందు నన్ను తీసుకెళ్తారు, తర్వాత నిన్ను. ఈసారి తొమ్మిది రోజులతో పోదు. తెలిసిందా?"

"అవ్ అయ్యా."

"వేళ్లు ఇంకా ఎనిమిదున్నాయి నీకు."

అన్నాను. ఆ మాట నేనే అన్నాను. బొజ్జయ్య చేతిని నెమ్మదిగా నా చేతిలోంచి వెనక్కు తీసుకుని, "ముట్టనయ్యా. పానం పోయినా ముట్ట" అన్నాడు. మనిషి దారికొచ్చాడని నేను తృప్తిగా కారెక్కాను.

ఆ వారంలోనే మణుగూరులో ఒక మొబైలు షాపుకు తీసుకెళ్లాను. శ్యామల అని, కౌంటర్లో ఉండే అమ్మాయి ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెర మనిషి దిక్కు కాకుండ బయటి దిక్కు పెట్టుకొమ్మనుండ్రి సార్. మూతున్న కవరేస్తే ఇంకా మంచిది. సెట్టింగ్సుల పాకెట్ మోడని ఒకటుంటది, అదాన్ చేస్తే జేబుల దానంతటది వెలగదు. కోడ్ కొట్టుండ్రి, గిప్పుడే చేసిస్త."

సరిగ్గా అప్పుడే మామిడికాయల బేరగాడి ఫోను వచ్చింది. మాట్లాడుతూ బయటికి నడిచాను. శ్యామల "సార్, కోడు" అని వెనకనుంచి రెండుసార్లు పిలిచింది. బొజ్జయ్య చెప్పగలడు కానీ నా ముందు నోరు విప్పడు. "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే" అని చెయ్యూపి కారు తీయించాను. మళ్లీ వెళ్లనే లేదు.

నేను చేయని పని అతను చేసుకున్నాడు. సన్నటి వెదురు బద్దలతో ఫోనుకు సరిపడా ఒర అల్లాడు. లోపల పుల్లమ్మ పాతచీర ముక్క కుట్టింది. మెడలో వేసుకోవడానికి తాడు. తెరకు బట్ట తగలదు, చెమట తగలదు. రెండు నెలలు ఒక్క లాకు లేదు. ఠంచనుగా పదింటికి ఫోటో, నాలుగింటికి ఫోటో. ఎంత చక్కటి పనో! షాపులో దొరికే కవరు దాని ముందు దేనికీ పనికిరాదు.

మే నెలలో నా బావమరదులు తోట చూడటానికి వచ్చారు. నేను దర్జాగా అక్కడినుంచే బొజ్జయ్యకు ఫోను చేశాను. అతను ఆ చివరి చెట్ల దగ్గరున్నాడు. ఒరలోంచి తీసేసరికి రింగు ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ ఆగింది. మెడలో బుట్ట వేలాడేసుకుని పరుగెత్తుకొచ్చిన మనిషిని చూసి మా పెద్ద బావమరిది "ఏం బావా, మీ ఆఫీసరు సెల్లుకు గంపలో కాపురం పెట్టాడే!" అని పగలబడి నవ్వాడు. నాకు చుర్రుమంది. ఆ ఒర లాగి, కాలికింద వేసి తొక్కాను.

"మొదటి రింగుకే ఎత్తాలి. జేబులో పెట్టుకో!"

"మంచిగనే పనిచేస్తున్నది గదయ్యా" అంది పుల్లమ్మ. ఆవిడ నాతో మాట్లాడింది పదకొండేళ్లలో ఆ ఒక్కసారే. నేను గుడ్లురిమి చూశాను. బొజ్జయ్య ఒర ముక్కలు ఏరుకున్నాడు.

జూన్ మూడో వారం. తోట పక్క గుంపులో, అంటే కోయగూడెంలో, ఉండేవాళ్లంతా పత్తి గింజలు పెట్టే కూలికి పోయారు. మధ్యాహ్నం మూడు దాటాక, రాలిన మామిడాకు ఊడుస్తున్న పుల్లమ్మను నాగుపాము కరిచింది. మడమ పైన. బొజ్జయ్య పార పడేసి పరుగున వచ్చి, కాలికి బట్ట కట్టి, జేబులోంచి ఫోను తీశాడు. పొద్దున్నుంచీ పాదులు తవ్వుతున్నాడు, చొక్కా అంతా చెమట. తెర మీద అంకెలు నొక్కే గళ్లు లేవు. చిన్న అంకె ఒకటి తరుగుతూ ఉంది. అలా తరిగిపోయాకే కోడు కొట్టనిస్తుందని అతనికి అలవాటు. ఎంతసేపో చదవలేడు. గంట అని ఉంది. అంకె కింద ఎర్ర అక్షరాలు ఎప్పట్లాగే ఉన్నాయి.

పుల్లమ్మను భుజాన వేసుకుని రోడ్డుకు నడిచాడు. నాలుగు కిలోమీటర్లు. పదడుగులకోసారి ఆగి తెర చూసుకున్నాడు.

నాలుగు దాటి పది నిమిషాలైంది, ఫోటో రాలేదు. నేను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. రొప్పుతూ, "అయ్యా, లాకైందయ్యా..." అన్నాడు. ఇంకేదో అనబోయాడు. నేను అననిస్తేగా! "నీ లాకు తగలెయ్య!" అని నోటికొచ్చిన నాలుగు తిట్లు తిట్టి పెట్టేశాను. మా ఆవిడ భారతమ్మ పక్కనే కూర్చుని పప్పు ఏరుతోంది. "ఏమండీ, ఆ మనిషి గొంతు ఏదోలా ఉంది, మళ్లీ చేయండి" అంది. "వాడి గొంతు ఎప్పుడూ అంతే" అని ఫోను బల్ల మీద బోర్లించి పడుకున్నాను.

ఆ గంట తరిగేసరికి చెమట చేతిలో అంకెలు మళ్లీ పడి, మళ్లీ గంట మొదలైంది. రోడ్డు మీద ఆటో దొరికేసరికి ఐదు దాటింది. అప్పటికే పుల్లమ్మకు రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. సారపాక దాటి భద్రాచలం వంతెన ఎక్కేలోపు ప్రాణం పోయింది.

మాకు మర్నాడు పొద్దున తెలిసింది. భారతమ్మ నాకంటే ముందే కారెక్కి కూర్చుంది. భద్రాచలం దవాఖానా వెనక, శవాన్ని ఇచ్చేచోట, బొజ్జయ్య గోడ వారన గొంతుక్కూచున్నాడు. నన్ను చూడగానే లేచాడు. అలవాటు! ఆ స్థితిలో కూడా లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను, మీద పడతాడనుకున్నాను. అలా చేసినా బాగుండేది. చొక్కా జేబులోంచి ఫోను తీసి, తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"నీకు ఆ ఎర్రవి తెలుసు కదరా" అన్నాను. "నొక్కితే ఎవరో ఒకరు పలికేవాళ్లు కదరా!"

"తెలుసయ్యా. పుల్లమ్మ గూడ నొక్కమన్నది. రెండుసార్లన్నది."

"మరి?"

"నొక్కితే మిమ్ముల ముందుగాల తీస్కపోతరంటిరి. పెద్ద పానం, ఠాణాల నిలవడలేరని నేనే వద్దంటి." నా ముఖంలోకి చూడకుండా, "చెమటకు దానంతటదేమన్న పోయిందేమోనని దారిపొంటి భయమయిందయ్యా. మోసుకుంట, ఎర్రదాని మీద ఏలు అడ్డం పెట్టకుంట, పైకి పట్టుకోనే నడిసిన. పోలేదనుకుంటున్న. మీరొకసారి చూడుండ్రి" అన్నాడు.

భారతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కోడు కొట్టాను. పై మూల, కింది మూల, దాని మీదిది, పైన నడుమది. తెరుచుకుంది. సెట్టింగుల్లో పాకెట్ మోడ్ కనిపించడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దాన్నలాగే వదిలేసి కాల్స్ లిస్టు తీశాను. బొజ్జయ్య నా ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పోలేదు గదయ్యా?"

పోలేదు. నిన్నటి తారీఖు కింద ఉన్నది ఒకటే కాల్. నాది. పదకొండు సెకన్లు.