షాహీనా ఫోన్ మోగలేదు

తెనాలి బోసు రోడ్డు వెనక సందులో షాహీనా కుట్టే జాకెట్లకు మంచి పేరుంది. పెళ్లిళ్ల కాలంలో ఆమెకు ఊపిరాడదు. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పాక మాత్రం ఆమె వేరే మనిషి. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడే ఒక జట్టుకు నాయకురాలు. లాక్‌డౌన్‌లో కుట్టుపని లేక మొదలుపెట్టిన ఆట అది. భర్త సుభాని మొదట్లో నవ్వాడు. తర్వాత ఆమె వెనక నిలబడి, "అదుగో, గోడ పక్కన!" అని అరవడం నేర్చుకున్నాడు.

ఆమె అన్న హిదాయతుల్లా ఓడలో వంటవాడు. ఈ వేసవిలో సెలవుకు వస్తూ చైనా రేవులో కొన్న ఫోన్ ఒకటి చెల్లెలికి తెచ్చాడు. ఆటల కోసమే చేసిన ఫోన్. వేడెక్కకుండా లోపల చిన్న ఫ్యాను కూడా ఉంది. షాహీనా తన సిమ్ వేయగానే ఇంటర్నెట్ వచ్చింది. ఆట ఎక్కడా ఆగలేదు.

"అన్నా, ఇది ఫోన్ కాదు, విమానం!" అంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ గౌస్ బీ రేపల్లె బస్సు దిగి, రొప్పుతూ ఇంట్లోకి వచ్చింది.

"పొద్దున్నుంచీ చేస్తుంటే అందుబాటులో లేరంటోందే! ఏమైందో ఏమోనని హడలిపోయి వచ్చా. నువ్వేమో ఇక్కడ కూర్చుని ఢాం ఢాం అని కాల్చుకుంటున్నావా?"

"ఫోన్ ఆన్‌లోనే ఉందమ్మీ. మోగలేదు."

సుభాని తన ఫోన్ నుంచి చేసి చూశాడు. మోగలేదు. షాహీనా చేస్తే కాల్ అటూ వెళ్లలేదు. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకోవాలనుకున్న పెళ్లికూతురు అపర్ణ కూడా అలాగే చేసి చేసి విసిగి, జాకెట్లు ఇంకొకరికి ఇచ్చేసిందని ఆ సాయంత్రమే తెలిసింది. షాహీనాకు చివుక్కుమంది. తల్లిని వెంటబెట్టుకుని మోహనకృష్ణ సెల్ షాపుకు వెళ్లింది.

ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఆ దేశం వాళ్ల కోసం చేసిందమ్మా. నీ సిమ్ కంపెనీలో మాటలు కూడా 4జీ మీదే వెళ్తాయి. ఆ ఏర్పాటు ఈ ఫోన్‌లో లేదు. అందుకే ఇంటర్నెట్ వస్తుంది, కాల్ రాదు. ఎవరికైనా అమ్మేసెయ్."

"ఏ సిమ్ వేసినా అంతేనా అండి?"

"అన్నీ వేసి చూసిందెవరమ్మా?"

"అయితే నేను చూస్తాను. అమ్మీ, నీ సిమ్ ఇవ్వు."

అది వేరే కంపెనీది. వేసి, మోహనకృష్ణ ఫోన్‌తో సుభానికి చెప్పి ఆ నంబరుకు కాల్ చేయించింది. ఫోన్ గట్టిగా మోగింది. మోహనకృష్ణ తెర వైపు వంగి చూసి నవ్వాడు. "వీళ్లకింకా పాత 2జీ ఉంది. కాల్ వచ్చేసరికి ఫోన్ దాంట్లోకి మారుతోంది. బాగుందమ్మా, నాకిది తట్టలేదు."

తెనాలిలో మోగితే సరిపోదు కదా అనుకుంది షాహీనా. మర్నాడు రెండు సిమ్‌లూ అందులోనే వేసుకుని, తల్లిని దించడానికి రేపల్లె బస్సెక్కింది. తన సిమ్ ఇంటర్నెట్‌తో ఆట ఆడుతూ, తల్లి సిమ్‌కు దారి పొడవునా సుభాని చేత ఫోన్ చేయించింది. భట్టిప్రోలులో ఒక సంగతి కనిపెట్టింది. అమ్మ సిమ్‌కు కాల్ వచ్చినంతసేపూ ఆట కదలడం లేదు. కాల్ కట్టవగానే మళ్లీ కదులుతోంది.

"బస్సులో కూడా ఈ గోలేంటే? అందరూ చూస్తున్నారు," అని గౌస్ బీ కొంగు సర్దుకుంది.

"చూడనీ అమ్మీ. దీని గుట్టు దొరికింది."

రేపల్లెలో తల్లి సిమ్ తల్లికి ఇచ్చేసి వచ్చింది. నంబరు మారితే జాకెట్లు కుట్టించుకునే ఖాతాదార్లు పోతారు కాబట్టి, తన నంబరునే తల్లి వాడే కంపెనీకి మార్పించుకుంది. ఆట కోసం పాత కంపెనీదే ఇంకో సిమ్ తీసుకుంది. ఫోన్ మళ్లీ మోగసాగింది.

కొన్నాళ్లకు ఆ ఆటలో పోటీ బాపట్లలో ఒక కల్యాణ మండపంలో జరిగితే, సుభానిని వెంటబెట్టుకుని తన జట్టుతో వెళ్లింది. ఎవరి ఇంటర్నెట్ వాళ్లదే. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. నిర్వాహకుడు జకరయ్య ఆమె ఫోన్ చూసి, "బయటి దేశం ఫోన్ కదమ్మా, మధ్యలో ఆగిపోతే మళ్లీ ఆడనివ్వం," అన్నాడు.

"ఆగదండి. ఎందుకు ఆగుతుందో తెలుసు. కాల్స్ వచ్చే సిమ్ ఆపేసే వచ్చా."

ఆమె జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది, అవతల ఇద్దరు. ఒకరిని కొట్టింది. రెండోవాడు దొరికాడనుకుని తొందరపడి గోడ చాటు నుంచి బయటికొచ్చింది. అంతే, ఆట ముగిసింది. ఫోన్ మాత్రం రెప్పపాటు కూడా తడబడలేదు.

"తొందరపడ్డానండి," అని ఆమె సుభానితో చెప్పింది. ఆ మాటలో ఏడుపేమీ లేదు.

తెనాలి రైల్లో గెలిచిన జట్టు నాయకురాలు చందన వచ్చి ఎదురుగా కూర్చుంది. "అక్కా, నేనూ బయటి దేశం నుంచి అలాంటి ఫోన్ తెప్పించుకుందామనుకుంటున్నా. పని చేస్తుందంటావా?"

"నీ సిమ్ ఏదో దాన్ని బట్టి ఉంటుంది. ఎవరి దగ్గరైనా అదే మోడల్ ఉంటే ముందు నీ సిమ్ వేసి కాల్ చేయించుకో. ఇంటర్నెట్ వచ్చింది కదా అని సంబరపడకు, నేను పడ్డాను."

చందన తన సిమ్ బయటికి తీసింది. షాహీనా చెవి కమ్మ విప్పి, దాని మొనతో తన ఫోన్ సిమ్ అర తెరిచింది. నిడుబ్రోలు వచ్చేసరికి ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని, చందన సిమ్‌కు కాల్ వస్తుందా అని తెర చూస్తున్నారు.