గంగాధర్ వేషం కట్టిన రోజు

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు, పసుపు ఉడకబెట్టే కాలంలో, జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊరి నుంచి మా మేళానికి పిలుపు వచ్చింది. పని దినాల కథ. పోయినవాడి పేరు గంగాధర్. వయసు ముప్పై ఎనిమిది. దుబాయిలో బిల్డింగుల పని చేసేవాడు. అప్పటికి నేను కోరుట్లలోని ఆ మేళంలో నలభై ఏళ్లుగా హాస్యం వేషాలు కడుతున్నాను. ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. అప్పుడప్పుడు కాలేజీ పిల్లలు వచ్చి, చావు జరిగిన ఇంట్లో నవ్వించడమేమిటి తాతా అని అడిగిపోతుంటారు. నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి రాస్తున్నాను.

మా దిక్కు మనిషి పోయిన పదకొండో రోజున ఇంటి ముందు టెంటు వేసి కథ చెప్పిస్తారు. మేళంలో ఐదుగురం ఉంటాం. అందరికీ మీద పెద్దకథకుడు. కథ ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో అతని మాటే మాట. అతని వెనుక వంత పాడేవాళ్లు ఇద్దరు, డోలు వాయించేవాడు ఒకడు. చివరివాడు హాస్యగాడు. భోజనాల దగ్గర కూడా వరుస ఇదే. ఆ చివరి విస్తరి దగ్గర నా జీవితమంతా గడిచింది.

కొడిమ్యాలలో మా గురువు దగ్గర పద్నాలుగో ఏట ముసలమ్మ వేషంతో మొదలుపెట్టాను. సవతి, దొర, తాగుబోతు, అల్లుడు, అత్త... ఒక్క పూటలో తొమ్మిది వేషాలు మార్చిన రోజులున్నాయి. నవ్వు నాలుగు విధాల చేటంటారు. నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ చేటుతోనే. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, చేతిచేతికీ ఫోను వచ్చింది, ఎండాకాలంలో ఊళ్లవాళ్లు సరదాకు చెప్పించుకునే కథలు ఆగిపోయాయి. మా పెద్దకథకుడు లస్మయ్య ఒకనాడు బీడీ వెలిగించుకుంటూ, "బతికున్నోళ్లకు టీవీలున్నయ్. ఇగ సచ్చినోళ్లకే మనం గావాలె" అన్నాడు. అందరం నవ్వాం. ఆ మాటే నిజమైంది.

దినాల కథలో మధ్యన ఒక గంట పోయినవాడిది. హాస్యగాడు పోయినవాడి బట్టలు ఇంట్లోవాళ్లను అడిగి కట్టుకుని, వాడిలా నడిచి, వాడిలా మాట్లాడి, వాడిలా తిట్టి చూపించాలి. దీన్ని మేము వాలకం దించడం అంటాం. ముందు జనం నవ్వాలి. కడుపునిండా నవ్వినవాళ్లకే ఏడుపు కూడా నిండుగా వస్తుంది. చివరికి ఆ వేషంలోనే ఒక్కొక్కరి ముందుకూ పోయి చేతులు జోడించి, "నేను పోతున్న, ఇగ నా తొవ్వ సూడకుర్రి" అనాలి. ఇది సెలవు. సెలవయ్యాక బట్టలు విప్పి మడతపెట్టి ఇంటివాళ్లకు అప్పజెబితే, పోయినవాడు నిజంగా పోయినట్టు.

వాలకం ఎవరిని అడగాలన్నది కూడా పనిలో భాగమే. భార్యను అడగకూడదు, ఆమె దేవుణ్ని చేసి చెబుతుంది. అన్నదమ్ములను అడిగితే ఆస్తి సంగతులు చెబుతారు. మంగలిని అడగాలి, చాయ్ హోటలువాణ్ని అడగాలి, కల్లు కాడికి పోయి కూర్చోవాలి. నేను ఎప్పుడూ రెండు రోజులు ముందే ఊరికి పోయేవాణ్ని.

గంగాధర్ ఊరికి పోయినప్పుడు అతని భార్య సుజాత నన్ను వాకిట్లో ఆపింది. పక్కనే మెట్ల మీద ఏడేళ్ల పిల్ల కూర్చుని కాళ్లూపుకుంటూ ఉంది. పేరు అక్షిత.

"బాపూ, ఒక్క మాట. నా బిడ్డ ఇంతవరకు ఏడ్వలే. దుబాయి నుంచి అచ్చిన పెట్టె తెరవద్దన్నరు, మేం తెరవలే. గా పెట్టెల మా డాడీ లేడంటంది. నీకు దండం పెడ్త. దానికొక్కసారి వాళ్ల డాడీని సూపియ్యి, పోతున్ననని చెప్పు. ఏడిస్తే తేరుకుంటది."

సరే అన్నాను. నాకది గొప్ప పనిగా తోచలేదు. ఏడిపించడం నాకు తెలిసిన విద్యే.

ఊళ్లో అడగడం మొదలుపెడితే తెలిసింది చిక్కు. పిల్ల పుట్టిన తర్వాత గంగాధర్ రెండుసార్లే ఇంటికి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు పిల్లకు మూడేళ్లు. మంగలి నా మీదే విసుక్కున్నాడు. "గాయన తల గొరిగి నాలుగేండ్లాయె. గిప్పుడెట్లుంటడో నాకేమెరుక?" ఊరివాళ్లందరూ చెప్పింది వాలీబాల్ ఆడిన కుర్రవాడి వాలకం. ఛాతీ విరుచుకుని నడవడం, చేతిలో బంతి లేకపోయినా ఉన్నట్టు మణికట్టు తిప్పడం. ఆ కుర్రవాడు పిల్లకేం తెలుసు?

పెట్టెతో పాటు దుబాయి నుంచి వచ్చింది రమేశ్ అనే ఒకతను. గంగాధర్‌తో ఒకే రూములో ఉన్నవాడు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి అతనిది. దుబాయి పోకముందు మరమగ్గాల మీద పనిచేసేవాడట. జగిత్యాలలో బస్సు మారి అతని దగ్గరికి పోయాను. అతను మంచం మీద కూర్చుని చూపించాడు.

"గిట్ల కూసుంటుండె. ఫోను మోకాలి మీద వెట్టి మెడ గిట్ల పక్కకు వంచుతుండె. ముందుగాల 'తిన్నవా బిడ్డా' అంటడు. 'ఏం కూర' అంటడు. అది ఏమన్న జెప్తే, 'ఓయమ్మో, నాకు వెట్టకుంటనే?' అంటడు. ఆఖరుకు అది ఎప్పుడస్తవ్ డాడీ అని అడుగుతది. 'అచ్చే నెల బిడ్డా' అంటడు. నాలుగేండ్లు గదే మాట. కంపెనోడు పాస్‌పోర్ట్ ఇస్తేనా అచ్చేది? ఒకనాడు పొద్దున లేవలే. గంతే."

సుజాత ఫోనులో గంగాధర్ పంపిన వాయిస్ మెసేజీలు మూడు ఉన్నాయి. అవి నా ఫోనులోకి తెచ్చుకుని విన్నాను. బస్సులో సాధన చేస్తుంటే పక్కన కూర్చున్నతను లేచి వేరే సీటుకు పోయాడు. ఇంట్లో నా భార్య, "సచ్చినోడు ఇంటికొచ్చినట్టున్నది, ఆపు నీ యవ్వ" అని కసిరింది. నాకు సంతోషమైంది. వాలకం దిగిందని అర్థం.

పదకొండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కథ మొదలైంది. లస్మయ్య కథ సగానికి తెచ్చి ఆపి నా వైపు చూశాడు. నేను గంగాధర్ ప్యాంటు, గళ్ల చొక్కా, కంపెనీ టోపీ వేసుకుని టెంటులోకి వచ్చాను. మొదట వాలీబాల్ నడక నడిచాను. గంగాధర్ ఈడువాళ్లు విరగబడి నవ్వారు. "మావోడే, అచ్చం మావోడే" అన్నాడు గంగాధర్ అన్న. పిల్ల మాత్రం తల్లి ఒడిలో కూర్చుని గౌను అంచు దారం పీక్కుంటూ ఉంది. దానికి నేనెవరో పరాయివాణ్ని.

అప్పుడు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అరచేతిని ఫోనులా మోకాలి మీద ఆనించి మెడ పక్కకు వంచాను.

"తిన్నవా బిడ్డా?"

పిల్ల తల లేచింది.

"తిన్న."

"ఏం కూర?"

"యాట కూర."

"ఓయమ్మో, నాకు వెట్టకుంటనే?"

టెంటంతా నవ్వు. అక్షిత కూడా నవ్వింది. ఒడిలోంచి దిగి నాలుగడుగులు ముందుకు వచ్చి నిలబడింది. నా ముఖం వైపు చూడలేదు. తన అరచేతిని ముఖానికి ఎదురుగా పట్టుకుని అందులోకి చూస్తూ మాట్లాడింది. నలభై ఏళ్లలో నా వేషానికి అంతకంటే పెద్ద మెప్పు దొరకలేదు. ఆ క్షణాన నాకు కలిగింది గర్వం. దాచడమెందుకు?

"ఎప్పుడస్తవ్ డాడీ?"

టోపీ తీసేయవచ్చు. డోలువైపు చెయ్యి ఊపవచ్చు. లేచి సెలవు మొదలుపెట్టవచ్చు. ఇవన్నీ ఇంటికి పోయాక తోచినవి. మా పనిలో మాట ఆగితే ఆట ఆగినట్టే. వేషంలో ఉన్నవాణ్ని అడిగితే వేషమే జవాబు చెప్పాలని పద్నాలుగో ఏటి నుంచి నేర్చుకున్నాను. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"అచ్చే నెల బిడ్డా."

ఆడవాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. పిల్ల మాత్రం ఎగిరి గంతేసింది. "మా డాడీ అచ్చే నెల అస్తడట!" అని అరుచుకుంటూ టెంటు బయటకు, పసుపు ఆరబోసిన కళ్లంవైపు, తోటి పిల్లల దగ్గరికి ఉరికింది.

లస్మయ్య తాళం కొట్టాడు. సెలవు చెప్పమని అర్థం. సుజాతకు చెప్పాను. అన్నకు, వదినకు, మేనమామలకు చెప్పాను. చెప్పవలసిన పిల్ల వరుసలో లేదు. అది నేను చూశాను. చూసి కూడా, తల్లి చెప్పుకుంటుందిలే అనుకుని బట్టలు విప్పి మడతపెట్టి ఇచ్చాను. ఆ రోజు ఊరివాళ్లు నన్ను పొగిడినట్టు ఎన్నడూ ఎవరూ పొగడలేదు.

తిరుగుబస్సులో లస్మయ్య, పిల్లకు సెలవు చెప్పలేదని గుర్తుచేశాడు. అది ఉరికిపోతే నేనేం జెయ్యాలె అన్నాను. "కాలు జారితే దీసుకోవచ్చు, నోరు జారితే దీసుకోలేం చంద్రయ్యా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంత తెలిసినవాడివి వేషం నువ్వే కట్టుకోరాదా అన్నాను.

నెల దాటిన తర్వాత సుజాత ఫోను చేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. అక్షిత రోజూ బడి విడిచాక బస్టాండుకు పోయి కూర్చుంటోందట. చివరి బస్సు దాకా లేవదట. రెండు రోజుల నుంచి అన్నం ముట్టడం లేదు, డాడీ అచ్చినంక తింట అంటోంది. మీ డాడీ సచ్చిపోయిండే అని తల్లి చెబితే, నువ్వు గూడ ఇన్నవ్ గదా, అచ్చే నెల అన్నడు అంటోందట.

మర్నాడే పోయాను. పోతూ పోతూ ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. మళ్లీ ఆ బట్టలు కట్టుకుని, పిల్ల ఒక్కతి ముందే సెలవు చెబితే సరిపోతుందని. సుజాతతో ఆ మాట అన్నాను. ఆమె చేతిలోని చీపురు కింద పడేసింది.

"ఇంకొక్కసారి నా మొగని లెక్క నోరు దెరిస్తే మంచిగుండదు బాపూ. నువ్వు నీ లెక్కనే చెప్పు."

బస్టాండులో సిమెంటు గద్దె మీద పిల్ల బడి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టినవా అన్నాను. కథ తాతవు అంది. వేషం లేకుండా ఎదుటి మనిషితో మాట్లాడడం నాకు రాదని ఆ రోజు తెలిసింది.

"బిడ్డా, గా రోజు మీ డాడీ బట్టలు తొడుక్కున్నది నేనే. మీ డాడీ లెక్క మాట్లాడిన. అచ్చే నెల అన్నది గూడ నేనే. మీ డాడీ సచ్చిపోయిండు. ఇగ రాడు."

నా ముఖంలోకి చూసింది.

"అయితే గదంత నువ్వేనా?"

"నేనే."

"అంతకుముందు ఫోన్ల మాట్లాడింది గూడ నువ్వేనా?"

"కాదు బిడ్డా. గది మీ డాడీయే. నీ మీద ఒట్టు."

"నువ్వు అబద్ధం జెప్తవ్" అంది. సంచి తగిలించుకుని ఇంటివైపు నడిచిపోయింది. ఏడవలేదు.

అక్షిత బస్టాండుకు పోవడం ఆ రోజుతో మానేసింది. అన్నం తిన్నది. కొన్నాళ్లకు సుజాతను ఫోనులో అడిగితే, ఒక సంగతి చెప్పింది. గంగాధర్ మెసేజీలు మూడూ తాను అప్పుడప్పుడు పెట్టుకుని వింటుందట. పిల్ల వెంటనే చెవులు మూసుకుంటుందట. "గది డాడీ కాదు, కథ తాత. బంద్ చెయ్యి" అంటుందట. ఆ పిల్లకు తండ్రిని చూపించమని నన్ను పిలిచారు. ఉన్న కాస్త తండ్రిని కూడా నేను తీసేశాను.

ఆ తర్వాత ఏడాదిన్నర పనిచేశాను. నా చోటులోకి వచ్చిన మనిషికి వాలకం దించడం నేర్పుతూ రెండు కొత్త పద్ధతులు పెట్టాను. పిల్లలున్న ఇంట్లో సెలవు ముందు పిల్లలకు చెప్పాలి, తర్వాతే పెద్దలకు. వేషంలో ఉన్నప్పుడు పోయినవాణ్ని ఎవరు ఏది అడిగినా తలమీది టోపీ గానీ తువ్వాల గానీ తీసి చేతిలో పట్టుకుని ఊరుకోవాలి, వెంటనే డోలువాడు అందుకోవాలి. ఆట చెడినా సరే, జనం నవ్వకపోయినా సరే. పోయినవాడు మాట్లాడవచ్చు, జవాబు చెప్పకూడదు.