జిగురు ఆరకముందే

మా వదిన పోయిందన్న కబురు విని నేను నవ్వాను.

ముందు ఈ మాట చెప్పేస్తే గాని మిగిలింది రాయడానికి చెయ్యి కదలడం లేదు. ఆ రోజు తెల్లారినప్పటి నుంచీ వాన పడుతోంది. కొండమీదికి తిరిగే సర్వీసు జీపు డ్రైవరు మా గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, సిస్టరమ్మ పోనాదమ్మా" అన్నాడు. నేను పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఈసారి ఏటి కావాలట?" అని నవ్వాను. అతను నవ్వలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆ తువ్వాలులోంచి నీళ్ళు మా గడప మీద కారడం చూస్తూ ఉండిపోయాను. ఎండుచేపల మాట ఎత్తుతాడని ఎదురుచూశాను. ఎత్తలేదు.

ఆమె మా ఆయనకు అక్క. అరకు నుంచి జీపులో చాలాసేపు ఎక్కితే గాని రాని ఒక ఊళ్ళో, ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరికీ సిస్టరమ్మ. పని ఎక్కువై కిందికి దిగే తీరిక లేనప్పుడల్లా డ్రైవరు చేత ఒకటే కబురు పంపేది: "నేను పోయానని మా మరదలికి సెప్పు. ఎండుచేపల పులుసు తెస్తే లేస్తాను."

మొదటిసారి ఆ డ్రైవరుకు వెనక మాట చెప్పడం గుర్తులేక ముందు మాటే చెప్పాడు. నేను కట్టుబట్టలతో, చెప్పులైనా లేకుండా జీపెక్కి ఏడుస్తూ వెళ్ళాను. వదిన వరండాలో కూర్చుని ఎవరికో కట్టు కడుతోంది. నన్ను ఎగాదిగా చూసి, నా వెనక్కి తొంగిచూసి, "గిన్నేదే?" అంది.

నాకు ఇలాంటి మాటలంటే భయం. "వదినా, చావుతో ఆటలేమిటి? దేవుడు వింటాడు" అనేదాన్ని.

"విననీ. ఆయనకి నవ్వు రాదనుకున్నావేటి? నిన్ను సేసినాడు కదా!"

వదినా మరదళ్ళం. ఆమె అనాలి, నేను పడాలి. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. ఆమె పోయే ముందు వారం మాత్రం ఏమైందో నాకు, జీవితంలో ఎవరినీ ఆటపట్టించని దాన్ని, ఒక చీటీ రాసి డ్రైవరు చేతికిచ్చాను. "వదినా, నేనూ పోయాను. పచ్చిపసుపు కొమ్ములు పంపితే లేస్తాను." అందుకని ఆ ఉదయం అతను గుమ్మంలోకి రాగానే, ఇది నా చీటీకి జవాబనుకున్నాను. అందుకే నవ్వాను. ఆ చీటీ రాసిన చెయ్యి నాదేనని భయపడుతూనే జీపెక్కాను.

ఆమె దగ్గర ఒక అతుకుల పుస్తకం ఉండేది. మందుల కంపెనీలు పంచిన పాత క్యాలెండర్లు కత్తిరించి, వెనకవైపు తెల్లగా ఉండేలా మడిచి, గాయాలు కుట్టే దారంతో కుట్టుకుంది. తొంభైలలో ఒక వానాకాలం కొండంతా మలేరియా జ్వరాలు. నడుచుకుంటూ ఊళ్ళు తిరిగి, ఒక గుడిసెలో పసిబిడ్డను దక్కించలేక, మా ఇంటికొచ్చి కూలబడింది. అన్నం తినలేదు, ప్రార్థనకు కూర్చోలేదు. చివరికి నన్ను మైదా అడిగింది. పొయ్యిమీద నీళ్ళు మరిగించి, మైదా కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు కాచింది. ఆ బిడ్డ కోసం విప్పి, వాడకుండా మిగిలిన మాత్రల అట్టను కాగితానికి పై సగంలో అంటించింది. కింది సగం ఖాళీగా వదిలేసింది.

"కిందేమిటి వదినా?" అన్నాను.

"ఏడిపించింది పైన. నవ్వించింది కింద. దొరికినప్పుడే అంటిత్తాను. దొరక్కపోతే ఎదురుసూడాల. అబద్ధం నవ్వు అంటించకూడదు."

కొన్ని పేజీలకు కింది సగం మర్నాడే దొరికేది. సూదిమందంటే భయపడి జామచెట్టెక్కిన ఊరిపెద్ద తలపాగా అంచు, మేక కొరికేసిన టీకాల పోస్టరు మిగులు. కొన్ని పేజీలు నెలల తరబడి సగం బోసిగా ఉండేవి. వానల్లో కొండగాలికి జిగురు మెత్తబడి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయని, ఆ పుస్తకాన్ని పొయ్యి పక్కన తెరిచి ఆరబెట్టేది. "పసిపిల్ల గుడ్డల్లాగ దీనికీ నిత్యం ఆరబెట్టడమే" అని నవ్వేది.

మా ఆయన రైలు కట్టమీద గ్యాంగుమేస్త్రీ. గుండెనొప్పి వస్తే విశాఖకు తీసుకెళ్తుండగా ఘాట్‌రోడ్డులోనే ప్రాణం పోయింది. ఆయన నాకు భర్త, ఆమెకు చేతుల మీద పెంచుకున్న తమ్ముడు. కానీ ఆమె నా ముందు ఏడవలేదు. సమాధుల తోట నుంచి వచ్చాక ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఈ పేజీ నీది" అంది. ఆయన చేతిరుమాలు ముక్క పై సగంలో అంటించాను. కింది సగం వైపు చూడలేకపోయాను. ఏడాది దాటింది. వదిన వచ్చినప్పుడల్లా ఆ పేజీ తీసి చూసి మూసేసేది.

చలికాలంలో మా అమ్మాయి పెరట్లో చిక్కుడుపాదుకు దిష్టిబొమ్మ పెట్టి, దానికి వాళ్ళ నాన్న ఖాకీ కోటు, మంకీ టోపీ తొడిగింది. ఒక పొద్దున్నే, అడుగు దూరంలో మనిషి కనబడని మంచులో, ఆయన దగ్గర పనిచేసిన గ్యాంగు మనిషి మా దొడ్డిదారిన వెళ్తూ అలవాటుగా, "నమస్తే మేస్త్రీగారూ, బేగి లెగిసినారు" అన్నాడు. రెండు అడుగులు వేశాక గుర్తొచ్చినట్టుంది. "ఓలమ్మో" అని వాడు పెట్టిన కేకకు రాత్రే వచ్చి ఉన్న వదినతో సహా ఇంట్లోంచి అందరం బయటికి ఉరికాం. మనిషి లేడు. కంచె దగ్గర తెగిన రబ్బరు చెప్పు ఒకటే ఉంది.

ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాను. వదిన ఆ చెప్పు పట్టుకుని లోపలికి పరుగెత్తింది. దాని పట్టీ మైదా జిగురుకు అంటలేదు. సూదీదారం తెచ్చి కుట్టేసింది. కుట్టినంతసేపూ ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తమ్ముడి కోసం ఆమె ఏడవగా చూడడం నాకు అదే మొదలు.

ఆమె నన్ను ఎక్కువగా ఏడిపించింది నా జుట్టు విషయంలో. నాకు నలభై దాటకముందే నెరిసింది. నాకన్నా పెద్దదైన ఆమె జడ మాత్రం చివరిదాకా నల్లగా నిగనిగలాడేది. "మా తమ్ముడు ముసిలిదాన్ని సేసుకున్నాడర్రా" అని చర్చి మెట్ల మీద అందరి ముందూ అనేది. సంఘంలో ఆడవాళ్ళు ఆమె రహస్యం అడిగితే జడ ముందుకు వేసుకుని, "మా పుట్టింటి జుట్టమ్మా ఇది. కొబ్బరినూనె, నిజాయితీ. అంతే" అనేది. నేను అది నమ్మి ఎన్ని సీసాల కొబ్బరినూనె రాశానో దేవుడికే తెలుసు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి వదినను పెట్టెలో పడుకోబెట్టారు. తెల్లచీర, చేతిలో బైబిలు. కళ్ళు తెరిచి నా వెనక గిన్నె కోసం చూస్తుందేమోనని అక్కడే నిలబడ్డాను. ఉపకేంద్రం ఆయా నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళింది.

"సీకటితోనే లెగిసి జిగురు కాసుకున్నాదమ్మా. నేనొచ్చేసరికి బల్లమీద తలానించి ఉన్నాది. నాటకమాడతన్నాదనుకున్నాను. 'లేయమ్మా, సాల్లే' అని టీ కూడా ఎట్టినాను. టీ సల్లారిపోనాది గానీ..."

బల్లమీద పుస్తకం తెరిచే ఉంది. కింది సగంలో నా చీటీ.

"మీ సీటీయేనమ్మా. సూదిమందుకొచ్చినోళ్ళందరికీ సదివి ఇనిపించినాది. 'మా మరదలు నేర్సుకున్నాదర్రా' అని ఒకటే నవ్వు."

అబద్ధం నవ్వు అంటించని మనిషి ఆమె. ఆ చీటీ రాసినందుకు పట్టుకున్న భయం కాస్త తగ్గింది. కానీ పై సగం ఖాళీ. జిగురు మాత్రం రాసి ఉంది. ఏం అంటించాలనుకుందో, ఆ జిగురు మీదే తల వాల్చేసింది. వంగి చూశాను. తడి జిగురులో ఆమె వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. తీసి దాచుకుందామనుకుంటే ఊడి రాలేదు. పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.

వెంట్రుక చివరంతా నలుపు. మొదట్లో గోరంత మేర తెలుపు.

కొబ్బరినూనె, నిజాయితీ!

నేను నవ్వాను. అవతల గదిలో పెట్టె దగ్గర పాడుతున్న ప్రార్థన పాట ఆగిపోయింది. ఆయా బెదిరిపోయి చూస్తే పేజీ చూపించాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ రంగు డబ్బీ సంతలోంచి నేనే తెచ్చేదాన్నమ్మా. మీకు మాత్రం సెప్పొద్దని ఒట్టేయించుకున్నాది." అంటూనే ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకు ఏడుపు అప్పుడు వచ్చింది.

పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఈ వానకు ఏదీ ఆరడం లేదు. మూసేస్తే పేజీలు అంటుకుపోతాయని పొయ్యి పక్కన ఆ పేజీయే తెరిచి ఉంచాను. పుల్ల ఎగదోసినప్పుడల్లా వెలుగు పడి, ఆ వెంట్రుక కాస్త తెల్లగా, కాస్త నల్లగా మెరుస్తుంది. వేలితో తాకి చూస్తే జిగురు ఇంకా తడిగానే ఉంది.