ముందే చెప్పి వేసే బంతి

బంతి ఎటు తిరగబోతోందో వేసేముందే బిగ్గరగా చెప్పడం మా సుప్రజకు అలవాటు. చెప్పిందంటే అటే తిరుగుతుంది. లోకంలోని స్పిన్నర్లంతా ప్రాణంలా దాచుకునే రహస్యాన్ని ఈ రెడ్డిగూడెం ఇంటర్ పిల్ల కూరగాయల బండి మైకులా చాటేది.

"లోపలికొస్తుంది" అనేది. బ్యాటరు నవ్వుకుని బయటికి ఆడేది. వికెట్లు పడేవి.

తెలుగు మాస్టార్ని గనక ఆదివారాలు వేరే పనుండదని నన్ను అంపైర్ని చేశారు. ఔటై వెళుతున్న జి. కొండూరు జట్టు అమ్మాయిని ఓసారి ఆపి అడిగాను.

"ముందే చెప్పింది కదమ్మా?"

"అందుకే కదండీ నమ్మలేదు."

దీని మీద నేను చాలా ఆలోచించాను. నిజం చెబితే నమ్మే అలవాటు మనకు తప్పిపోయింది. కాబట్టి సుప్రజ వికెట్లలో సగం ఆమె మణికట్టువి, సగం మన స్వభావానివి. వాళ్ళ నాన్న బసవపున్నారావు కూడా తోటకొచ్చిన వ్యాపారితో "ఆ బంగినపల్లి పైకే బంగారం, టెంకలో పురుగుందండీ" అనేస్తాడు. మంచి కాయ ఇంకెవరికో అట్టిపెట్టాడని అనుమానించి వ్యాపారి అదే కొంటాడు. ఇది వంశపారంపర్య సత్యవ్రతమని సిద్ధాంతం చేసి, ఊరంతా ప్రచారం చేశాను.

నూజివీడులో జిల్లా జట్టు ఎంపిక జరిగితే మా పిల్లల వెంట నేనూ వెళ్ళాను. సెలెక్టర్ కిషోర్ బాబు గారే అంపైరు. సుప్రజ రెండు బంతులు వేసేసరికి ఆయన చెయ్యెత్తారు.

"అమ్మాయ్, ఇది హరికథ కాదు. ఇంకోసారి నోరు తెరిచావా, ఇంటికే."

తర్వాతి బంతి మౌనంగా వేసింది. బ్యాటరుకీ అందలేదు, వెనకున్న మా ఊరి కీపర్ షీబాకీ అందలేదు, బౌండరీ దాటింది. ఆ తర్వాతది షీబా హెల్మెట్‌కి ఠంగున తగిలింది. షీబా గడ్డం తడుముకుంది.

సుప్రజ కిషోర్ బాబు గారి వంక చూసింది, షీబా వంక చూసింది.

"షీబా, లోపలికొస్తుందే!"

ఈ నాటకాలు నాకు తెలుసులే అన్నట్టు బ్యాటరు ముందుకొచ్చి బయటికి ఆడింది. షీబా బంతి అందుకుని స్టంపులు పడగొట్టింది.

"చెప్పొద్దన్నానా లేదా?" అన్నారు కిషోర్ బాబు గారు.

"ఆ అక్కకి కాదండీ, ఎప్పుడూ మా షీబాకే చెప్తాను. ఎటు తిరుగుతుందో దీనికి తెలీదు. ఇంకోసారి దెబ్బ తగిలితే ఆట మానిపిస్తానంది వాళ్ళమ్మ."

"సైగ చెయ్యొచ్చుగా?"

"చేశానండీ. తిరగేసి గుర్తుపెట్టుకుంది. ఆ కుట్లు అప్పటివే."

షీబా సాక్ష్యంగా గడ్డం పైకెత్తి చూపించింది.

"బ్యాటర్లు నిన్ను నమ్మడం మొదలెడితే నీ గతేంటమ్మా?"

"వాళ్ళ చేతిలో బ్యాటుంది కదండీ. దీనికి నేనేగా ఉన్నది."

నా సిద్ధాంతం కూడా ఆ స్టంపులతోపాటే పడిపోయింది. కిషోర్ బాబు గారు "ఇద్దరూ ఉండండి" అని తన చోటికి వెళ్ళి నిలబడ్డారు. సుప్రజ బంతి తీసుకుని పక్కనుంచి వెళుతుంటే, ఎటో చూస్తూ గొంతు తగ్గించారు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా. ఎల్బీడబ్ల్యూ ఇవ్వాలన్నా, ఎటు తిరుగుతుందో నాకూ తెలియట్లేదు."